ముందు సీటు తూకం

కృత్తిక కార్తె, గురువారం

మందు వచ్చింది! డాక్టరమ్మగారూ, మీరు పంపిన కబురు మీకే తిరిగి చెబుతున్నానని నవ్వకండి. ఈ పుస్తకంలో రోజుకు రెండు మాటలు రాస్తే చాలన్నారు. పెట్టె చల్లగా ఉందా, కుదుపు ముల్లు నిలకడగా ఉందా, అంతే. ఇన్నేళ్ళూ అలాగే రాశాను. ఇవాళ మాత్రం చెయ్యి ఆగడం లేదు. నేను చదివింది ఐదో తరగతి, నా రాత కోడి కెలికినట్టుంటుంది, అయినా సంతోషానికి చదువుతో పనేముంది?

పొద్దున పెట్టె మీద మంచు తుడిచి, గొట్టాల్లో ఉప్పునీళ్ళు మార్చి, ఇంటిపైన ఎండరేకుల దుమ్ము దులిపి నిచ్చెన దిగుతున్నాను. గోడ మీద పలక వెలిగింది. ఎర్రజ్వరానికి మందు సిద్ధమైందనీ, నిద్రపెట్టెల్లో ఉన్నవాళ్ళను వరసగా లేపుతున్నారనీ, మా అమ్మాయి పెన్నమ్మ వంతు రోహిణి కార్తెలో వస్తుందనీ అందులో ఉంది. చదువుతూ చదువుతూ నిచ్చెన మెట్టు తప్పి కింద పడ్డాను. పడ్డవాణ్ణి పడ్డట్టే కూర్చుని ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు.

బెల్లం తీసుకుని వీధంతా తిరిగాను. ఎదురింటి పుల్లన్న కొడుకు పెట్టె మూడో ఏటనే ఆగిపోయింది. అతనికి ఇవ్వాలా వద్దా అని గడప దగ్గర తచ్చాడుతుంటే తనే చెయ్యి చాపాడు. బెల్లం నోట్లో వేసుకుని, నా చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

గాలిపడవలో పెట్టెను ఎక్కించకూడదని రాశారు, పైన గాలి పలచబడితే లోపలి చలువ చెదురుతుందట. నేల మీదే తీసుకురావాలి. నేల మీద దారేదమ్మా? గాలిపడవలు తిరగడం మొదలయ్యాక రోడ్డు మీద తట్టెడు మట్టి పోసినవాడు లేడు. మా చిత్రావతి మెట్ట నుంచి మీ కొండకు రావాలంటే పెన్నేటి ఇసకలో దిగాలి, గుండ్లు దాటాలి, ఆపైన ఎర్రమలల చీలికలు ఎక్కాలి. అదీ మృగశిర రాకముందే. ఈ కాలపు తొలకరికి పెన్నేరు నడిచి రాదు, గోడలా నిలబడి వస్తుంది.

ఆ ఏరు పారిన ఏడే పుట్టింది గనుక దానికి పెన్నమ్మ అని పేరు పెట్టాం. ఇరవయ్యో ఏట జ్వరం వచ్చింది, పెట్టెలో పడుకోబెట్టాం. పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

ఇంకొక మాట మీకు తెలియాలి. నా భార్య తిమ్మక్క పోయి ఆరేళ్ళయింది. మీ కొండ మీద ఎలాగో గానీ, మా మెట్టలో నిద్రపెట్టె ఉన్న ఇంటికి ఒక పద్ధతి ఉంది. మైల విన్నవాళ్ళకే అంటుతుంది. పెట్టెలో ఉన్న బిడ్డ వినలేదు. ఆ బిడ్డ లేచి, కబురు విని, తల మీద నీళ్ళు పోసుకునేదాకా ఆ ఇంట్లో చావు సగమే. అంతవరకూ పోయినవాళ్ళ చీరలు ఎవరికీ పంచకూడదు. వాళ్ళ పీట ఎత్తకూడదు. ఎవరైనా అడిగితే "ఉంది" అనాలే తప్ప "లేదు" అనకూడదు. నేనూ అలాగే అంటున్నాను. అలవాటైపోయింది.

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ.

కృత్తిక కార్తె, శనివారం

మెట్టలో నాలుగు చక్రాలూ లాగే జీపు ఒకటే ఉంది, గడ్డి మోసేది. దాన్ని దూదేకుల దస్తగిరమ్మ షెడ్డుకు తోలుకుపోయాను. దస్తగిరమ్మ చేతిలో పడిన బండి నోరు తెరిచి నొప్పి చెప్పుకుంటుందని మావాళ్ళంటారు. ఆమె నన్ను మామా అంటుంది, నేను కోడలా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, వాడకట్టు వరస.

ఆమె వెల్లకిలా బండి కిందికి దూరి అక్కడి నుంచే మాట్లాడింది.

"మామా, దీని కడుపు నేలకి ఇంత దగ్గరుంటే పెన్నేటి గుండ్లు చీరి పెడతాయి. లేపల్ల."

"లేపు కోడలా. ఎంత కావాలంటే అంత లేపు. మేడంత లేపు."

"మేడంత లేపితే మలుపులో పక్కకి పండుకుంటాది. కూతుర్ని లేపేదానికి పోతా బండిని పండబెడ్తావా?"

నేను పకపకా నవ్వాను. ఈమధ్య నాకు దేనికైనా నవ్వొస్తోంది.

బండిని లేపడానికి రెండు దారులున్నాయట. ఇరుసుకూ పైనున్న కట్టకూ మధ్య ఇనుప దిమ్మ దూర్చడం ఒకటి. కట్ట అంటే తెలుసు కదా డాక్టరమ్మా, విల్లులా వంగిన ఉక్కు బద్దలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, బండి బరువంతా వాటి మీదే. దిమ్మ పెడితే మధ్యాహ్నానికి పని అయిపోతుంది గానీ ఎత్తు ఒక్కటే వస్తుంది, మెత్తదనం రాదు. పైగా గుండ్ల మీద దిమ్మ మెలి తిరిగిందంటే ఇరుసు జారిపోతుంది. రెండో దారి కొత్త కట్టలు. బద్దల్ని కొలిమిలో కాల్చి, వంపు ఎక్కువ పెట్టి కడితే ఎత్తూ వస్తుంది, మెత్తదనమూ వస్తుంది.

"నీకు ఎత్తు ముఖ్యమా, మెత్తన ముఖ్యమా మామా?"

"రెండూ కావాలమ్మీ. ఆ పెట్టెలో నా బిడ్డ నెత్తురు గాజు మాదిరి ఉండాది. ముల్లు ఎర్రగీత దాటిందంటే లోపల పగులుతాది."

ఆమె బయటికి వచ్చి చేతులు తుడుచుకుంది. "అట్లయితే సరిగా విను. కట్ట అనేది మోసే బరువును బట్టి ఉంటాది. ఎక్కువ బరువుకి కట్టిన కట్ట తక్కువ బరువు కింద రాయి. తక్కువకి కట్టింది ఎక్కువ కింద కూలబడుతాది. ఏమేమి ఎక్కిస్తావో, ఎంతమంది కూర్చుంటారో బాగా తలపోసి చెప్పు. తప్పు చెప్తే నేను చేసేదేమీ లేదు."

పెట్టె, ఉప్పునీళ్ళ డబ్బాలు, బ్యాటరీలు, దారికి నీళ్ళు, అన్నీ చెప్పాను. మనుషుల బరువు మొత్తం కలిపి చెప్పాను. ఆమె సుద్దముక్కతో గోడ మీద రాసుకుంది.

ఇంటికొచ్చి పెట్టెతో అదంతా చెప్పుకున్నాను. ఎత్తు సంగతి, మెత్తన సంగతి. లోపల బిడ్డకు వినబడుతుందో లేదో మీకే తెలియదన్నారు ఒకసారి. నేను మాత్రం రోజూ చెబుతాను. చావుల సంగతి తప్ప.

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ.

కృత్తిక కార్తె, మంగళవారం

పాత సామాన్ల సంతకు షాకబ్జర్ల కోసం పోయాం. నాకు వాటి పని తెలియదు. ఊగడానికి కట్టలుండగా ఇవెందుకమ్మీ అని అడిగాను.

"కట్ట ఉయ్యాల మామా. ఒకసారి ఊపితే ఊగుతానే ఉంటాది. షాకబ్జరు ఆ ఉయ్యాలని పట్టుకునే అమ్మ చెయ్యి. అది లేకుంటే ఒక గుంతకి బండి పదిసార్లు ఎగురుతాది."

ఆ మాటకు నేను నడవడం ఆపేశాను. పెన్నమ్మ పసిపిల్లప్పుడు తిమ్మక్క ఉయ్యాలను ఒక్క వేలితో ఆపేది. పిల్లకు ఆగినట్టు తెలిసేది కాదు. నేను ఆపబోతే గుక్కపట్టి లేచేది. "నువ్వు ఎద్దుల్ని ఆపినట్టు ఆపుతావు" అని తిట్టేది తిమ్మక్క.

సంతలో బసప్ప దుకాణం. ఎర్రరంగు పూసి మెరుస్తున్నవి నాలుగు తెచ్చి మా ముందు వరసగా పెట్టాడు.

"గ్యాసు మాలు పెద్దాయనా. చూడు, పెండ్లికొడుకు మాదిరి ఎట్లుండాయో!"

దస్తగిరమ్మ ఒకదాన్ని నేలకు ఆనించి, రెండు చేతులా అదిమి వదిలింది. టక్కున లేచి ఆమె మోచేతికి తగిలింది.

"పెండ్లికొడుకే. అత్తగారింట్లో ఒక పూట నిలబడేటట్టు లేడు."

"అమ్మీ, అది వేగానికి మంచిది. కాగినా నురగ రాదు!"

"మేము పరుగుపందేనికి పోయేది లేదు బసప్పా. ముందర చక్రాలకి ఇవే చాలు. వెనక, పెట్టె కింద, లావు నూనె మాలు కావల్ల. పొడుగుది. లేపిన బండికి పొట్టిది వేస్తే గుంతలో చక్రం దిగినప్పుడు చెయ్యి అందక టంగుమంటాది."

పది పన్నెండు అదిమి చూసింది. అదిమినప్పుడు మెత్తగా దిగాలి, వదిలినప్పుడు నిద్ర లేచినవాడి ఆవలింతలా నింపాదిగా రావాలి. అలాంటిది ఒకటే దొరికింది. దానికి జత కావాలి. సంతంతా గాలించాం. చివరికి ఆమె చూపు బసప్ప దుకాణం పందిరి మీద పడింది. అతను ఆ జతనే పందిరికి ఊతకర్రగా వాడుకుంటున్నాడు!

"అది అమ్మేది కాదు తల్లీ, నా నీడ దాని మీద నిలబడి ఉండాది."

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. "బసప్పా, నా బిడ్డ పద్దెనిమిదేండ్ల తర్వాత కండ్లు తెరుస్తాది నాయనా" అన్నాను. అతను ఊతకర్ర లాగేశాడు. పందిరి మా ముగ్గురి నెత్తినా పడింది. దాని కింద నుంచి మేము నవ్వుతుంటే సంతవాళ్ళంతా మూగారు.

తిమ్మక్క చూడాల్సింది.

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ.

కృత్తిక కార్తె, శుక్రవారం

ఇవాళ ఎలా రాయాలో తెలియడం లేదు.

కట్టలు బిగించింది. షాకబ్జర్లు, కొత్త బుష్షులు, పొడుగు బ్రేకు గొట్టాలు, అన్నీ వేసింది. బండి ఎంత దర్జాగా నిలబడిందంటే చుట్టూ తిరిగి మూడుసార్లు దిష్టి తీశాను. పెట్టె బదులు అంతే బరువు రాళ్ళు ఎక్కించాం. తిమ్మక్క ఇత్తడి బిందెలో మెడ దాకా నీళ్ళు నింపి రాళ్ళ మీద కట్టాం. నీళ్ళు ఒలక్కపోతే ముల్లు కూడా కదలదని దస్తగిరమ్మ లెక్క.

చిత్రావతి గట్టు మీద ఒక చుట్టు తిప్పాను. దడదడమని వణికింది బండి. నీళ్ళు సగం పోయాయి. రెండో చుట్టుకు ఇంకో సగం. గుంతలో దిగితే కట్టలు వంగడమే లేదు, కట్టెల్లా కొట్టాయి.

దస్తగిరమ్మ కొలబద్ద పెట్టి ఎత్తు కొలిచింది. మళ్ళీ కొలిచింది. ముఖం మాడిపోయింది.

"నా కట్ట తప్పు కాదు మామా. బండి తేలిపోతాంది. నువ్వు చెప్పిన బరువు దీని మీద లేదు. మనుషులు ఎంతమందిని లెక్కేసినావు?"

"ముగ్గురం కదా అమ్మీ."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! ముగ్గురం. పెట్టెలో పెన్నమ్మ, తోలేది నేను, నా పక్కన తిమ్మక్క. పక్క సీట్లో ఇంకెవరు కూర్చుంటారు? బిడ్డ లేచే రోజు అది ఇంట్లో ఎందుకు ఉంటుంది?

దస్తగిరమ్మ నన్ను కోప్పడుతుందనుకున్నాను. కొలబద్ద కింద పెట్టి నా పక్కన వచ్చి కూర్చుంది. అప్పుడు అంది: "అవును మామా. ముగ్గురే. మన మెట్టలో ఎవరిని అడిగినా అదే చెప్తారు. నేనే అడిగేది తెలీక అడిగితి."

ఒక బద్ద తీసేస్తే మెత్తబడుతుంది, కానీ ఎత్తు పడిపోతుంది, గుండ్లు పొట్టకు తగులుతాయి. మళ్ళీ కొలిమి వేసి కొత్తవి కట్టాలంటే కార్తె దాటిపోతుంది. పడమట ఇప్పటికే మబ్బులు కనిపిస్తున్నాయి.

"ఒకటే దారుండాది" అంది. "ఆ బరువును ఆ సీట్లోనే పెట్టు. కట్ట దానికోసమే కాచుకోనుండాది."

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ. నాదే ఏమీ బాగాలేదు.

రోహిణి కార్తె, సోమవారం

తిమ్మక్క తూకం నాకు తెలుసు. ఆమె చనిపోయిన ఏటిది కాదు, ఒళ్ళు బాగున్నప్పటిది. గోనెసంచిలో జొన్నలు పోసుకుంటూ, తూకం వేసుకుంటూ, మళ్ళీ పోసుకుంటూ పొద్దంతా గడిచింది. సరిపోయింది అనుకున్నాక కూడా ఇంకో దోసెడు పోశాను. అది ఎప్పుడూ తన తూకం తక్కువ చెప్పేది.

సంచికి చిరుగులున్నాయి, కుదుపుకు జొన్నలు కారతాయి. గట్టి గుడ్డ చుట్టాలి. ఇంట్లో గట్టి గుడ్డ అంటే ఆమె పచ్చ నేతచీరే, ఎర్ర అంచుది. చీరలు పంచకూడదు గానీ వాడుకోకూడదని పద్ధతిలో లేదు. రెండు చుట్లు చుట్టి, మిగిలిన కొంగు పైన ముడేశాను. ముందు సీట్లో కూర్చోబెట్టి పట్టా బిగించాను.

బండి మెల్లగా దిగి, తన ఎత్తులో తాను కుదురుకుంది. దస్తగిరమ్మ కొలిచి చూసి తల ఊపింది. గట్టు మీద తిప్పాను. ఊయలలా పోయింది, డాక్టరమ్మా. బిందెలో నీళ్ళు కదిలాయి, ఒలకలేదు. ఇంత మంచి బండిలో నేనెప్పుడూ కూర్చోలేదు. నవ్వుకుంటూ పక్కకు తిరిగి "చూసినావా?" అన్నాను.

అన్నాక చూశాను.

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ.

రోహిణి కార్తె, గురువారం

తెల్లవారగానే బయల్దేరాను. దస్తగిరమ్మ చివరిసారి నట్లన్నీ తడిమి, కిటికీ దగ్గరికి వచ్చింది.

"వెనక షాకబ్జర్లు చేత్తో తాకి చూస్తా పో. చెయ్యి పెట్టలేనంత కాగితే నిలుపు. లోపల నూనె నురగొస్తే అమ్మ చెయ్యి తీసేసినట్టే. తడిగుడ్డ చుట్టి సల్లారినాక కదులు. తొందరపడొద్దు."

తర్వాత అటు పక్కకు పోయి ముందు సీటు పట్టా బిగువు చూసింది. "పోయిరా అత్తా" అంది మెల్లగా. మా ఇంట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె తిమ్మక్కను పిలిచే పిలుపు అది. నేను విననట్టు ఉన్నాను.

బిందె పెట్టె పక్కనే కట్టి ఉంది. నాకు మీ ముల్లు కన్నా ఆ నీళ్ళే బాగా అర్థమవుతాయి.

దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. ఇది చింతోపు ఉన్న చోటు, ఇది నువ్వు మొదటిసారి సైకిల్ మీంచి పడ్డ చోటు అని వెనక్కి చెప్పాను. ఎండ ఎక్కువగా ఉందా, కొంగు కప్పుకో అని పక్కకు చెప్పాను. మధ్యాహ్నానికి గట్టినేల గతుకుల్లో షాకబ్జర్లు పొయ్యి మీది పెనంలా కాగాయి. ఆపాను. తాగే నీళ్ళతో గుడ్డలు తడిపి చుట్టాను. బిందె జోలికి పోలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. చల్లారేదాకా కూర్చోవాలంటే ప్రాణం కొట్టుకులాడింది, ఎందుకంటే పడమట ఉరుము వినబడింది.

పెన్నేటి ఒడ్డుకు చేరేసరికి ఇసక తడిసి ఉంది. నీళ్ళు కనబడడం లేదు, వాసన వస్తోంది. ఇసక దాటాక గుండ్లు. చక్రం ఒక్కొక్కటే ఎక్కించాను, ఒక్కొక్కటే దించాను. కట్టలు వంగాయి, లేచాయి. బండి కడుపుకు ఒక్క రాయి తగల్లేదు. నడి ఏట్లో పెద్ద గుండు మీంచి వెనక చక్రం దిగినప్పుడు ఒక్కసారి జారింది. బిందెలోంచి నీళ్ళు ఎగిరి నా వీపున పడ్డాయి. ముల్లు పైకి లేచింది. ఎర్రగీతను తాకింది. తాకి నిలబడింది. నేను స్టీరింగు వదిలేసి, ఎందుకో తెలియదు, పక్క సీట్లోని మూటను గట్టిగా పట్టుకున్నాను.

వెనక ఆ రెండు నూనె షాకబ్జర్లు ఒక్క ఊపులో పెట్టెను పట్టుకుని ఆపేశాయి. రెండో ఊపు లేదు. ముల్లు మెల్లగా దిగింది.

అవతలి గట్టెక్కి వెనక్కి చూస్తే గుండ్ల మధ్య ఎర్రనీళ్ళు పాకుతున్నాయి. నా వీపంతా తడి. ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టాను.

పెట్టె చల్లగా ఉంది. ముల్లు నిలకడ. బిందెలో సగానికి పైగా నీళ్ళున్నాయి.

రోహిణి కార్తె, ఆదివారం

ఎర్రమలలు ఎక్కి మీ కొండకు చేరాం, మీరు మందు ఇచ్చారు. ఇది మీకు తెలిసిందే అయినా రాస్తాను, నాకోసం. పెన్నమ్మ కళ్ళు తెరిచింది. ముందు వేళ్ళు కదిలాయి, తర్వాత పెదవులు. మీరు నా చెయ్యి తెచ్చి దాని చేతిలో పెట్టారు. కళ్ళకు ఇంకా పొగ కమ్మినట్టు ఉంటుందనీ, రంగులు తప్ప రూపులు సరిగా తెలియవనీ చెప్పారు.

"నాయనా" అంది.

పద్దెనిమిదేళ్ళు, అమ్మా! ఆ ఒక్క మాటకు నేను ఏడ్చిన ఏడుపుతో మీ ఆస్పత్రి గోడలకు చెమ్మ పట్టి ఉంటుంది.

నా ముఖం తడిమి చూసింది. "నీ బుగ్గలు యాడికి పోయినాయి నాయనా? జొన్నరొట్టె తినడం మానేసినావా?"

"నువ్వు చేసిపెట్టలేదు గదా తల్లీ."

"నేను చేస్తే తినేటట్టుంటాయా?" అని నవ్వింది. కొంచెం ఆగి, "అమ్మ ఏదీ?" అంది.

మీరు వెనకనుంచి నా భుజం తట్టారు. బయటికి పిలిచి, గుండె ఇంకా లేతగా ఉంది, మూడు రోజులదాకా చెడ్డ కబురు చెప్పొద్దన్నారు. సరే అన్నాను. నాకు అదే కావాలి. ఆరేళ్ళు మోసినవాడికి ఇంకో మూడు రోజులు ఎంత? లోపలికి పోయి "ఉంది తల్లీ, నువ్వు కొంచెం కుదుటపడు" అన్నాను. అబద్ధమని కూడా అనిపించలేదు, నోటికి అంత అలవాటు.

పెట్టె నుంచి బిడ్డను తీశారు. ముల్లు గురించి ఇక రాయక్కర్లేదన్నారు. అయినా రాస్తాను. నిలకడ.

రోహిణి కార్తె, సోమవారం

డాక్టరమ్మా, మీ మాట దాటాను. ఎలా జరిగిందో మీరు చూశారు, అయినా నా చేత్తో రాసి ఇవ్వాలి.

పొద్దున్నే ఎండ తగలాలని మీరే దాన్ని చక్రాల కుర్చీలో వసారాలోకి తెచ్చారు. ఎదురుగా నా జీపు. తిరుగు ప్రయాణానికి ఆ బరువు కావాలని నేను ఏదీ దించలేదు.

పెన్నమ్మ కళ్ళు చికిలించి అటే చూసింది. ముఖం విప్పారింది.

"అదో పచ్చచీర! అమ్మ! నాయనా, ముందు సీట్లోనే కూర్చోనుండాదే! లోపలికి రాదేం? అలిగిందా?"

తిమ్మక్క అలక మా మెట్టంతా తెలుసు. అలిగితే ఎటో చూస్తూ కదలకుండా కూర్చునేది, పిలిచినా పలికేది కాదు.

"అమ్మా! నేను లేస్తిని గదే! ఇంగా మాట్లాడవా?"

మీరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నాకు అర్థమైంది. కుర్చీ వెనక పట్టుకుని ఉన్నది నేనే. వెనక్కి తిప్పేస్తే అయిపోయేది. తిప్పలేదు. అది చక్రాలను తన చేతులతో నెట్టుకుంటోంది, కొత్తగా నడక నేర్చినప్పుడు వాళ్ళమ్మ దగ్గరికి పోయినట్టే. నేను ఆపితే ఎద్దుల్ని ఆపినట్టు ఉంటుంది.

జీపు దగ్గరికి పోయి చెయ్యి చాపింది. భుజం అనుకుని మూట మీద వేసింది. జొన్నలు గరగరమని కదిలాయి.

చెయ్యి తియ్యలేదు. కొంగు ముడి దాకా తడిమింది, మళ్ళీ కిందికి వచ్చింది. చీర మడతలోంచి నాలుగు గింజలు అరచేతిలో రాలాయి. వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"జొన్నలు" అంది.

గింజలు పట్టుకునే నా వైపు తిరిగింది.

"ఎప్పుడు నాయనా?"

"ఆరేండ్లయింది తల్లీ. ఎండాకాలం. బాధపడలేదు. నీ పెట్టె పక్కనే పండుకోనుండె."

అది అరవలేదు. చీర అంచును ముఖానికి అదుముకుంది. వీపు మాత్రం ఎగిరెగిరిపడింది. మీరు నాడి పట్టుకుని కూర్చున్నారు. తర్వాత తల ఎత్తి, "మూటకి అమ్మ చీర ఏల కట్టినావు?" అని అడిగింది.

చెప్పాను. లేపిన బండి సంగతి, కట్టల సంగతి, బసప్ప పందిరి, దస్తగిరమ్మ అడిగింది, నేను ముగ్గురం అన్నది. ఏడుస్తూనే మధ్యలో ఒకసారి నవ్వింది. "నీకు లెక్కలు ఎప్పుడొచ్చినాయి గనక" అంది. వాళ్ళమ్మ గొంతే.

"నీళ్ళు యాడుండాయి?"

బిందె జీపులోనే ఉంది. పొద్దుటి ఎండకు నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మా ఇంటి నీళ్ళు, వాళ్ళమ్మ బిందె. ఏరు కొంత తీసుకుంది, మిగిలింది చాలు. మీరు ఆపబోయి, ఆగి, లోపలికి పోయి తువ్వాలు తెచ్చారు. ఆ తువ్వాలును నేను బతికినంత కాలం మర్చిపోను.

దాని తల మీద పోశాను. పద్దెనిమిదేళ్ళు పెట్టె మీది మంచు తుడిచి చూసుకున్న ముఖం మీద నీళ్ళు కారడం చూశాను.

సగం పోసేసరికి బిందె పట్టుకుంది. "వంగు. నీకూ పొయ్యల్ల."

"నాకు ఎప్పుడో అయింది తల్లీ."

"కాలేదు నాయనా" అంది ముందు సీటు వైపు చూస్తూ.

వంగాను. బిందె అంచు నా నెత్తికి తగిలింది. నీళ్ళన్నీ పోసేసింది.

తిరుగుదారిలో ముందు సీటు తనదేనంది. పెన్నేటి వరద తీయగానే బయల్దేరతాం. పెన్నమ్మ పుల్లలా ఉంది, తిమ్మక్క తూకానికి సగం కూడా రాదు. మిగిలినదానికి జొన్నలు కాళ్ళ దగ్గర పెట్టుకుంటుందట. చీర విప్పి భుజాన కప్పుకుంది.

పెట్టె ఖాళీ. బిడ్డ నిద్రపోతోంది, మామూలు నిద్ర. కట్టలూ షాకబ్జర్లూ బాగున్నాయి.

తిమ్మక్క లేదు.